కెన్యా బడికి వెళ్లే మన వేసవి బృందాలకు

సంపాదకుల వారికి నమస్కారం.

వేసవి సెలవుల్లో మిషన్ యాత్ర మీద కెన్యా వెళ్లి, అక్కడి ప్రాథమిక బడిలో రెండు వారాలు సేవ చేసి రావాలనుకునేవారు మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల చర్చిల్లో ఉన్నారు. సంకల్పం మంచిది. అయితే ప్రయాణానికి పెట్టే శ్రద్ధలో పావు వంతయినా తరగతి గదికి పెట్టడం లేదన్నదే మా బాధ. టికెట్లు, టీషర్టులు, పాటలు, బహుమతులు అన్నీ సిద్ధమవుతాయి. ఆ గదిలో తొమ్మిదిన్నర నుంచి పది దాకా ఏం చేయాలో మాత్రం ఎవరూ అనుకోరు. చిన్న తరగతుల పని తెలిసినవాళ్లుగా ఈ ఉత్తరం రాస్తున్నాం. కాస్త పొడుగైనా పూర్తిగా ప్రచురించమని మనవి.

అన్నిటికన్నా ముందు తెలుసుకోవలసింది, అక్కడ మీరు టీచరు కారు. కెన్యాలో పాఠం చెప్పాలంటే టీచర్స్ సర్వీస్ కమిషన్‌లో నమోదై ఉండాలని చట్టం ఉంది. మీరు ఇక్కడ డీఎస్సీ రాసి పదేళ్లు ఎస్జీటీగా చేసినా, అక్కడ ఆ గది ఆ టీచరుదే, సిలబస్ ఆయనదే, ఆ పిల్లలకు సమాధానం చెప్పుకోవలసింది ఆయనే. మీరు ఆయన చేతికింద మనిషి. ఇది మర్యాద కోసం చెప్పే మాట కాదు. రెండు వారాలు మీరు పాఠం చెబితే ఆ రెండు వారాల పాఠాన్నీ మీరు వెళ్లిపోయాక ఆయన మొదటి నుంచి మళ్లీ చెప్పుకోవాలి. వచ్చినవాళ్లు పాటలు పాడించి, బొమ్మలు గీయించి వెళ్లిపోతే నష్టపోయేది ఆ గదిలో వెనకబడి ఉన్న పిల్లలే. చదువు వచ్చిన పిల్లవాడు ఎలాగోలా అందుకుంటాడు.

మరి ఏం చేయాలి? ఒక్కో పిల్ల పక్కన కూర్చుని చదివించుకుని వినాలి. ఇంత చిన్న పనా అనకండి. లెక్క చూడండి. తరగతిలో యాభై మంది ఉన్నారనుకుందాం. ఒక్కొక్కరి చదువు మూడు నిమిషాలు వినాలంటే నూట యాభై నిమిషాలు. అక్కడ ఒకటి నుంచి మూడో తరగతి వరకు పీరియడు అరగంట. అంటే టీచరు ఐదు పీరియడ్లు ఇంకేమీ చేయకుండా కూర్చుంటే గాని అందరి చదువూ ఒక్కసారి వినలేరు. ఏ టీచరు వల్లా అయ్యే పని కాదు. మీరు రోజుకు పదిహేను మందిని, అంటే ముప్పావు గంట, వినండి. మొదటి రెండు రోజులు గది చూడటానికే పోయినా, మిగిలిన ఎనిమిది బడి రోజుల్లో ప్రతి పిల్ల చదువూ కనీసం రెండేసి సార్లు విన్నట్లవుతుంది. ఎవరు ఎక్కడ ఆగుతున్నారో తేదీ వేసి రాసిన కాగితం టీచరు చేతిలో ఉంటుంది. ఆ బడికి మీరు ఇచ్చి రాగలిగిన వాటిలో దీనికి మించింది లేదు.

వినడానికీ ఒక పద్ధతుంది. ఎదురుగా కూర్చుంటే పిల్లకు పరీక్షలా ఉంటుంది. పక్కన, అదే బెంచీ మీద, అదే ఎత్తులో కూర్చోండి. పుస్తకం పిల్ల చేతిలోనే ఉండాలి, వేలు పిల్లదే కదలాలి. మాట దగ్గర ఆగితే మనసులో ఐదు అంకెలు లెక్కపెట్టుకుని అప్పుడు మాత్రమే అందించండి. మన పెద్దవాళ్లందరం చేసే తప్పు ఇక్కడే. పిల్ల నోరు తెరిచేలోపే మాట మనం అనేస్తాం. తర్వాత నుంచి ఆ పిల్ల పుస్తకం వైపు కాకుండా మన మొహం వైపు చూస్తుంది. వాక్యం చివరకు వెళ్లి తనంతట తానే వెనక్కి వచ్చి దిద్దుకుంటే దాన్ని తప్పుగా రాయకండి, అది అసలైన చదువరి లక్షణం. మొదటి వాక్యంలోనే మూడు నాలుగు మాటలు ఆగిపోతే ఆ పుస్తకం బరువైందని అర్థం, ఒక మెట్టు కిందిది ఇవ్వండి. అక్షరాలు, మాటలు, చిన్న పేరా, కథ అనే నాలుగు మెట్లలో పిల్ల ఎక్కడుందో చూసే తేలిక పరీక్ష మన దేశంలో ప్రథమ్ సంస్థ అసర్ పేరుతో చేస్తోంది. దాన్ని చూసే కెన్యాలో ఉవేజో పేరుతో మొదలుపెట్టారు. కాబట్టి అక్కడి టీచర్లకు ఇది కొత్త కాదు. 2015లో మొదలైన టుసోమె కార్యక్రమం వాచకాలు, టీచరు గైడు ఆ బడిలో ఉంటే వాటిలోంచే చదివించండి. టుసోమె అంటే చదువుకుందాం అని. ఇక్కడినుంచి బొమ్మల పుస్తకాలు మోసుకుపోనక్కర్లేదు.

ఇక మన నోటి సంగతి. తెలుగు వాళ్లం ఇంగ్లిష్ అక్షరాల ధ్వనులు నేర్పేటప్పుడు ఒక పొరపాటు చేస్తాం, అది మనకు వినబడదు కూడా. మన హల్లులో అకారం కలిసే ఉంటుంది గదా, అందుకని పి అక్షరం ధ్వని ఏమిటంటే ‘ప’ అంటాం, ఎన్ అంటే ‘న’ అంటాం. పిల్ల వాటిని కలిపితే ‘ప-ఇ-న’ అవుతుంది, ‘పిన్’ కాదు. పొల్లుతో అనాలి: ‘ప్-ఇ-న్’. నకారపొల్లు, తకారపొల్లు అని మన చిన్నప్పుడు నేర్పిన పొల్లే అక్కడ అక్కరకొస్తుంది. బయలుదేరే ముందు అద్దం ముందు నిలబడి ఇంగ్లిష్ హల్లులన్నీ అచ్చు తగలకుండా అనడం సాధన చేయండి. ప్, ట్, క్ లు గుసగుసలా రావాలి. మ్, స్, ల్ లను సాగదీయవచ్చు. బ్, డ్, గ్ లు కష్టం, ఎంత జాగ్రత్తపడ్డా చివర చిన్న అకారం తగులుతుంది, వీలైనంత కురచగా ఆపండి.

దీనికి ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. అక్కడి ఉమ్మడి భాష స్వాహిలి. ఆ మాటలూ తెలుగు మాటల్లాగే అచ్చుతో ముగుస్తాయి. మనం బస్సు అంటే వాళ్లు బాసి అంటారు. మనం బ్యాంకు అంటే వాళ్లు బెంకి అంటారు. ఇంగ్లిష్ మాట చివర అచ్చు చేర్చే అలవాటు ఆ పిల్లలకూ ఉంది, మనకూ ఉంది. మనం పెన్ను, బుక్కు అంటూ చదివి వినిపిస్తే వాళ్ల అలవాటు ఇంకా గట్టిపడుతుంది. అలాగే కికుయు ఇంటి భాషగా ఉన్న పిల్లలు ల, ర ల దగ్గర తడబడతారు. అది చదవలేకపోవడం కాదు, ఇంటి భాష నీడ. మాట అర్థమై చదివితే దాన్ని తప్పుగా లెక్కవేయకండి.

కెన్యా విధానం ప్రకారం మూడో తరగతి వరకు ఆ ప్రాంతపు పిల్లల భాషలో బోధించాలి, పట్టణాల్లో అది స్వాహిలి అవుతుంది, నాలుగు నుంచి ఇంగ్లిష్. ఆచరణలో మూడూ కలగలిసి వినబడతాయి. ఇంగ్లిష్ వస్తే చాలుననుకుని వెళ్లడం మన ప్రాంతం వాళ్లకు తగదు. గిడుగు రామమూర్తి పంతులు గారు పర్లాకిమిడిలో ఉంటూ సవరల దగ్గర కూర్చుని వాళ్ల భాష నేర్చుకున్నారు, ఆ భాషలో వాచకాలు రాశారు, ఆ తర్వాత బడులు పెట్టారు. 1805లో విశాఖపట్నంలో దిగిన లండన్ మిషనరీలు, 1870ల నుంచి మన బొబ్బిలికీ చికాకోలుకూ (ఇప్పటి శ్రీకాకుళం) వచ్చిన కెనడా బాప్టిస్టులు ఏళ్ల తరబడి ఉండి తెలుగు నేర్చుకున్నవాళ్లే. రెండు వారాల యాత్రలో అంత కుదరదు. కానీ వంద మాటలు నేర్చుకోవడానికి నెల రోజులు చాలు.

పైగా స్వాహిలి మనకు కష్టం కాదు. రాసింది రాసినట్లే పలుకుతారు, ఐదు అచ్చులే. కలాన్ని కలాము అంటారు, పుస్తకాన్ని కిటాబు అంటారు. రెండూ మన చెవికి తెలిసినవే. టీచరు మ్వాలిము, పిల్లవాడు మ్టోటో. ముందున్న మ కు ఉకారం తగిలించి ముటోటో అనకండి, పెదవులు మూసి ‘మ్’ అని విడిచిపెట్టాలి. పెద్దవాళ్లు కనిపిస్తే షికమో అనడం మర్యాద, వాళ్లు మరహబా అంటారు. అంకెలు మోజా, మ్బిలి, టాటు, న్నె, టానో, సిటా, సబా, నానె, టిసా, కుమి. కుమి అంటే పది. పదకొండుకు కుమి నా మోజా, అంటే పదీ ఒకటి. పన్నెండు, పదీ రెండు. మన పదకొండు, పన్నెండు కన్నా, ఇంగ్లిష్ వాళ్ల మాటల కన్నా స్థానవిలువ ఇందులో ఎంత స్పష్టంగా ఉందో చూడండి. చిన్న పిల్లలకు పదులు, ఒకట్లు చెప్పేటప్పుడు టీచరు స్వాహిలిలో లెక్కపెట్టిస్తుంటే మధ్యలో ఇంగ్లిష్‌లోకి లాగకండి.

గడియారం పాఠం మాత్రం టీచరుకే వదిలేయండి. స్వాహిలిలో గంటలు ఉదయం ఆరు నుంచి లెక్క. ఏడు గంటలను సా మోజా అంటారు, ఒకటో గంట అని. ఎనిమిది సా మ్బిలి. గోడ మీద ముల్లు ఎనిమిది దగ్గర ఉంటుంది, పిల్ల నోరు రెండు అంటుంది. తెలియనివారు అది తప్పని దిద్ది ఆ పిల్లను గందరగోళంలో పడేస్తారు. మన పెద్దలు పొద్దు పొడుపు నుంచి గడియలు, జాములు లెక్కపెట్టేవారు గదా, ఇదీ ఆ దారే.

లెక్కల్లో మీరు సాయపడగలిగింది ఒకటుంది. మన వామనగుంటలు, వాళ్ల బావో ఒకే కుటుంబం ఆటలు. మనది రెండు వరసల్లో ఏడేసి గుంటలు. పెద్దవాళ్లు ఆడే బావోకు నాలుగు వరసల్లో ఎనిమిదేసి, మొత్తం ముప్పైరెండు గుంటలు, అరవై నాలుగు పిక్కలు. ఒకటి రెండు తరగతుల పిల్లలకు అంత వద్దు. ముప్పై గుడ్ల అట్ట ట్రే తీసుకోండి, అందులో ఆరు గుంటల వరసలు ఐదు ఉంటాయి. రెండేసి వరసలు కత్తిరిస్తే ఒక ట్రేకు రెండు పలకలు, ఒక వరస మిగులు. ఒక్కో పలకలో పన్నెండు గుంటలు. గుంటకు నాలుగు చొప్పున నలభై ఎనిమిది గింజలు. ఇద్దరు పిల్లలకు ఒక పలక చొప్పున యాభై మందికి ఇరవై ఐదు పలకలు, పదమూడు ట్రేలు, పన్నెండు వందల గింజలు. వాన తగిలితే అట్ట మెత్తబడిపోతుంది, రాత్రి బీరువాలో పెట్టించండి. సోడా మూతలు వాడదామంటే నాలుగు పడగానే గుంట నిండిపోతుంది, అక్కడి బజారులో దొరికే చిక్కుడు గింజలో, ఏరుకున్న గులకరాళ్లో నయం. గింజలు ముక్కులో పెట్టుకునే వయసు పిల్లలున్న పీపీ1, పీపీ2 (ఒకటో తరగతికి ముందువి) గదుల్లో ఈ ఆట పెట్టకండి. మొదట సమానంగా పంచించండి, తర్వాత గుంటలో ఎన్నున్నాయో చూపుతోనే చెప్పించండి, ఆపైన ‘ఇక్కడ తీస్తే చివరి గింజ ఎక్కడ పడుతుంది’ అని అడగండి. ఆ మూడో ప్రశ్న దగ్గరే కూడిక పుడుతుంది. ఇక్కడినుంచి చింతపిక్కలు మాత్రం కట్టుకుపోకండి. విత్తనాలకు మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం లేకపోతే విమానాశ్రయంలోనే తీసేసుకుంటారు.

విమానాశ్రయం మాట వచ్చింది కాబట్టి. కెన్యాలో 2017 ఆగస్టు 28 నుంచి పాలిథిన్ సంచులు నిషేధం, శిక్ష జరిమానా నుంచి జైలు దాకా ఉంది. మనవాళ్లకు చెప్పుల నుంచి పచ్చడి సీసా దాకా కవరులో చుట్టే అలవాటు. అన్నీ గుడ్డ సంచుల్లోకి మార్చుకోండి. డ్యూటీఫ్రీలో ఇచ్చే కవరు కూడా దిగేముందే వదిలేయాలి.

బహుమతుల విషయంలో గట్టిగా చెబుతున్నాం. పిల్లల చేతికి నేరుగా ఏమీ ఇవ్వకండి. యాభై మందిలో నలభై ఎనిమిదికి పెన్సిలు అందితే మిగిలిన ఇద్దరి ఏడుపు ఆ రోజంతా టీచరుదే. నోటుపుస్తకాలు, సుద్దముక్కలు ఆ ఊరి దుకాణంలోనే కొనండి, బరువు తగ్గుతుంది, ఆ కొట్టువాడికీ బేరం. హెడ్‌టీచరుకు అప్పగించి స్టాకు రిజిస్టరులో రాయించండి. గోడల మీద బొమ్మలు వేయడానికి బడిరోజు వాడుకోకండి. వీడ్కోలు సభ కోసం చివరి రెండు రోజులు పిల్లల్ని ఎండలో నిలబెట్టి రిహార్సల్సు చేయించడం మరీ దారుణం.

ఇక విశ్వాసం సంగతి, మిషన్ యాత్ర గనుక దాచకుండా చెప్పుకోవాలి. కెన్యా రాజ్యాంగం 8వ అధికరణం ప్రకారం ఆ దేశానికి అధికార మతం లేదు. 32వది ఎవరినీ మత విషయంలో బలవంతం చేయకూడదంటుంది. సిలబస్‌లో క్రైస్తవ, ఇస్లాం, హిందూ మత విద్యలు మూడూ ఉన్నాయి. ఇవి కాక పాస్టరల్ ప్రోగ్రామ్ అని వారానికో పీరియడు ఉంటుంది. బైబిలు కథ చెప్పాలన్నా, ప్రార్థన చేయించాలన్నా ఆ పీరియడులో, హెడ్‌టీచరు అడిగితేనే. చదివించడానికి పక్కన కూర్చోబెట్టుకున్న పిల్లను ‘మీ ఇంట్లో చర్చికి వెళతారా’ అని అడగడం ఆ మూడు నిమిషాలను దొంగిలించడమే. ఆ పిల్ల మీకు నచ్చే జవాబు వెతుక్కుంటుంది గాని చదవదు.

పిల్లల రక్షణ నియమాలు చర్చికి లేకపోతే ముందు అవి రాసుకోండి. బయలుదేరే ప్రతి ఒక్కరూ పోలీసు క్లియరెన్సు తీసుకోవాలి. చదివించేది తరగతిలోనే ఒక మూల, టీచరుకు కనబడే చోట. తలుపు మూసిన గదిలో ఒంటరిగా పిల్లతో ఉండకూడదు. దెబ్బ, గిల్లుడు, గోడకుర్చీ వేయించడం ఏవీ పనికిరావు. మన దగ్గర 2009 విద్యాహక్కు చట్టం వద్దన్నట్లే అక్కడ 2013 బేసిక్ ఎడ్యుకేషన్ చట్టం వద్దంటుంది. పిల్లల వ్యక్తిగత సమాచారానికి తల్లిదండ్రుల అనుమతి కావాలని అక్కడ 2019లో చట్టం వచ్చింది, ఫొటోలూ ఆ కిందికే వస్తాయి. తరగతి గంటల్లో ఫోను హెడ్‌టీచరు గదిలో పెట్టేయండి. చిరిగిన చొక్కాతో ఉన్న పిల్ల ఫొటో మన వాట్సాప్ గ్రూపుల్లో తిరగడం ఆ తల్లికి ఎలా ఉంటుందో ఒక్క క్షణం ఆలోచించండి.

తేదీలు మనకు బాగా కలిసొస్తాయి. కెన్యా బడి సంవత్సరం జనవరిలో మొదలవుతుంది. ఏప్రిల్, ఆగస్టుల్లో సెలవులు, నవంబరు, డిసెంబరు మూసే ఉంటాయి. రెండో టర్ము మామూలుగా ఏప్రిల్ ఆఖరున తెరుస్తారు. మనకు అప్పటికి వేసవి సెలవులు. కాబట్టి మే నెల సరైనది. క్రిస్మస్ సెలవుల్లో వెళితే తాళాలు కనబడతాయి. అయితే మార్చి నుంచి మే దాకా అక్కడ పెద్ద వానలు. 2024లో వరదల వల్ల ఆ టర్ము మే నెల మధ్యకు జరిగింది. టికెట్టు తేదీ మార్చుకునేదిగా తీసుకోండి. నైరోబీ పదిహేడు వందల మీటర్ల పైన ఉంది, అరకుకు దాదాపు రెట్టింపు ఎత్తు. మన ఎండల్లోంచి వెళ్లేవాళ్లకు పొద్దున్నే స్వెట్టరు తప్పదు. పొద్దుట పూట ఇచ్చే ఉజి అనే జావ మన చోడి (రాగి) అంబలికి చుట్టమే. చోళ్లు అసలు పుట్టింది ఆ తూర్పు ఆఫ్రికా మెట్టల్లోనే.

ఎల్లో ఫీవర్ టీకా ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి. కేంద్ర ఆరోగ్యశాఖ గుర్తించిన కేంద్రాల్లోనే వేస్తారు, అందరు డాక్టర్ల దగ్గరా దొరకదు. టీకా వేయించుకున్నట్లు ఇచ్చే పసుపు కార్డు లేకుండా కెన్యా నుంచి తిరిగొస్తే మన విమానాశ్రయంలోనే ఆరు రోజుల దాకా విడిగా ఉంచుతారు. అరవై దాటినవాళ్లు, గుడ్డు పడనివాళ్లు, గర్భిణులు ముందు డాక్టరును అడగాలి. కిసుము, మొంబాసా వైపు మలేరియా ఎక్కువ, దానికి మాత్రలు వేరే. తిరిగొచ్చాక జ్వరమొస్తే కెన్యా వెళ్లొచ్చామని డాక్టరుకు చెప్పండి. రెండు వారాలకు మించి దగ్గు ఉన్నవాళ్లు కళ్లె పరీక్ష చేయించుకోకుండా పిల్లల మధ్యకు వెళ్లకూడదు. సందర్శకులకు ఆన్‌లైన్‌లో ఇచ్చే ఈటీఏ అనే ప్రయాణ అనుమతి మీద, జీతం లేకపోయినా సరే, బడిలో పనిచేయవచ్చా, ప్రత్యేక పాసు తీసుకోవాలా అన్నది పిలిచే సంస్థ అక్కడి ఇమిగ్రేషన్ శాఖను అడిగి రాతపూర్వకంగా మీకు పంపాలి. ప్రభుత్వ ఉపాధ్యాయులు ఇక్కడ శాఖ అనుమతి కూడా ముందే తీసుకోవాలి.

పదిమంది బృందమైతే పదిమందీ ఒక గదిలో దూరకండి, గదికి ఒక్కరు, మించితే ఇద్దరు. మొదటి రెండు రోజులు వెనక బెంచీలో కూర్చుని చూడటమే పని. టీచరు పిల్లల్ని ఎలా పిలుస్తున్నారు, చప్పట్లు ఎప్పుడు కొట్టిస్తున్నారు, తప్పు చెప్పిన పిల్లతో ఏమంటున్నారు, ఇవన్నీ రాసుకోండి.

పాస్టర్లకు, సంఘ పెద్దలకు ఒక విన్నపం. టికెట్లు కొనకముందే నాలుగు ఆదివారాలు సండే స్కూల్ అయ్యాక బృందంలో ఒక్కొక్కరి పక్కన ముగ్గురేసి పిల్లల్ని కూర్చోబెట్టి ఇంగ్లిష్ వాచకం చదివించండి. ఇంకొకరు గడియారం పట్టుకుని, మాట అందించే ముందు ఐదు క్షణాలు ఆగారో లేదో గమనించాలి. మొదటి ఆదివారం ఎవరూ ఆగలేరు. నాలుగో ఆదివారానికి ఆగగలిగినవాళ్ల పేర్లే జాబితాలో రాయండి.

ఇట్లు,
ప్రాథమిక పాఠశాల విశ్రాంత ఉపాధ్యాయులు ఇద్దరు,
బొబ్బిలి, విజయనగరం జిల్లా.